కిష్టమ్మ ఇచ్చిన వాంగ్మూలం

వేణు సారు ఉద్యోగం తన నోటిమాట మీద ఉందని కిష్టమ్మకు తెలుసు. అందుకే ఆ రోజు గచ్చిబౌలి టవరులో ఊడ్చే పనికి సెలవు పెట్టి, పెళ్లిళ్లకు కట్టే పచ్చ చీర కట్టుకుని, నార్సింగి సర్కారు బడికి నడిచింది.

సంగతేమిటంటే, ఆ ఏడు పైనుంచి ఒక కాగితం వచ్చింది. తరగతిలో కులం మాట ఎత్తకూడదు, పిల్లల మనసు నొచ్చుకునేవి చెప్పకూడదు అని. వినడానికి మంచిమాటే. కానీ ఎనిమిదో తరగతి పుస్తకంలో అంటరానితనం పాఠం అలాగే ఉంది. దాన్ని దాటేసి పోవడం వేణు సారుకు చేతకాలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు చూసింది అడిగి రాసుకు రమ్మన్నాడు.

కిష్టమ్మ మనవరాలు వర్షిత మూడు సాయంత్రాలు కూర్చుని రాసింది. నార్సింగి ఇంకా ఊరుగా ఉన్నప్పుడు హోటల్ చూరులో మాదిగోళ్లకు వేరే గ్లాసు ఉండేదని, తాగి, కడిగి, అక్కడే బోర్లించి రావాలని. కిష్టమ్మ ఏది చెప్పినా పేర్లతో సహా చెప్పే మనిషి కదా, హోటల్ ఎవరిదో కూడా చెప్పింది. పిల్ల అదీ రాసింది. సారు తరగతిలో చదివించాడు. ఆ హోటల్ వాళ్ల ఇంటివాళ్లే ఇప్పుడు బడికి ఫ్యాన్లూ బెంచీలూ ఇచ్చే పెద్దలు. వారం తిరగకుండా ఫిర్యాదు వెళ్లింది, విచారణకు అధికారి వచ్చాడు.

గేటు దగ్గరే పెద్ద మేడం ప్రశాంతి ఎదురొచ్చింది.

"కిష్టమ్మా, ఒక్కటే ముక్క. సారు అడగలేదు, పిల్లనే రాసుకున్నది అను. నువ్వు నోరు తెరిస్తే రింగురోడ్డు మొత్తం తిరిగొస్తవు. ఇయ్యాల జర ఆపుకో."

"ఫికర్ జేయకుండ్రి మేడం. ఒక్క ముక్కనే గద."

అధికారి పేరు సీతారామాంజనేయులు. కిష్టమ్మకు కుర్చీ వేయించాడు. అక్కడే వచ్చింది చిక్కంతా. అరవై ఏళ్లలో ఏ అధికారీ ఆమెను కూర్చోబెట్టి, కలం తీసి, చెప్పమ్మా అనలేదు.

"వేణు గారు మీ మనవరాలిని ఈ కులం సంగతులు రాయమన్నారా?"

లేదు అనే మాట గొంతు దాకా వచ్చి ఆగింది. లేదంటే సారు ఏదో దొంగపని చేసినట్టు కాదా? మంచి పనిని దాచడమెందుకని తోచింది ఆమెకు.

"రాయమన్నడు సార్. ఇన్నేండ్లల్ల మమ్ముల అడిగినోడు ఆయనొక్కడే. నిలబెట్టి సదివిచ్చిండు, పిల్లలంత సప్పట్లు గొట్టిండ్రంట. గసుంటి సారును ఏమనకుండ్రి."

ఇక ఆగలేదు. హోటల్, గ్లాసు, తండ్రి చెప్పులు చేతపట్టుకుని దాటిన వీధి, అన్నీ చెప్పింది. అధికారి అడ్డు చెప్పకుండా రాసుకుంటూ పోయాడు. తన మాట కాగితమెక్కుతోందని కిష్టమ్మ ఇంకా నిదానంగా, ఇంకా వివరంగా చెప్పింది. మధ్యలో చాయ్ వచ్చింది. తాగి, లేచి, బయట నల్లా దగ్గర గ్లాసు కడిగి తెచ్చి కిటికీ గట్టు మీద బోర్లించింది. ఎవరూ కడగమనలేదు. అధికారి చూశాడు, కలం ఆగింది. ఆ ఒక్కటి మాత్రం రాయలేదు.

వేలిముద్ర వేసి బయటికొస్తే వరండాలో వేణు సారు నిలబడి ఉన్నాడు. అన్నీ విన్నాడు. తిట్టలేదు.

"నిజమే చెప్పినవ్ లే అమ్మా," అన్నాడు.

సారు కాంట్రాక్టు మనిషి. నాలుగో రోజుకే తీసేశారు. సారును తీసేసిన కాగితం నిండా నీ మాటలే ఉన్నయి అని ప్రశాంతి మేడం చెప్పింది. కిష్టమ్మ ఆమె ముఖం చూడలేకపోయింది. పిల్లల నోటుబుక్కుల్లోంచి ఆ పేజీలు చింపించి, సంచిలో కట్టి తీసుకుపోయారు.

ఇప్పుడు వర్షిత బడి నుంచి వచ్చి గోడవైపు తిరిగి కూర్చుంటుంది. ఒకరోజు కిష్టమ్మ అలవాటుగా, మీ తాత ఒకపారి ఏం జేసిండో ఎరికేనా అని మొదలుపెట్టింది.

"ఇగ చెప్పకు నాయనమ్మా," అంది పిల్ల. "సారు పోయిండు, సాలదా?"

కొత్త టీచరు ఇచ్చిన జవాబు పైకి చదవడం మొదలుపెట్టింది. పూర్వం కొన్ని దురాచారాలు ఉండేవి, ఇప్పుడు లేవు. పూర్వం కొన్ని దురాచారాలు ఉండేవి, ఇప్పుడు లేవు. నోటికి వచ్చేదాకా చదివింది. కిష్టమ్మ పక్కనే కూర్చుని వింది.