ఏడో గొట్టం పై కొస

మూడుసార్లు కడిగిన సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు రాజమల్లు. మచ్చ లేదు. అయినా మనసొప్పక ఇంకోసారి నీళ్లు పోసి కడిగి, గుడ్డ మీద బోర్లించి, పక్కదాన్ని అందుకున్నాడు. సీసాలో నిన్నటి నీటిచుక్క మిగిలితే రేపటి లెక్క తప్పుతుందని ఎవరో ముప్పై అయిదేళ్ల కిందట చెప్పారు. చెప్పినాయన రిటైరై చాలా కాలమైంది. రాజమల్లు మాత్రం ఆ మాట వదల్లేదు.

ఈ రోజు అతనికీ ఉద్యోగంలో ఆఖరి రోజు. సాయంత్రం నాలుగింటికి సెమినార్ హాల్లో శాలువా, సమోసాలు, విభాగాధిపతి జరీవాలా సార్ ఉపన్యాసం. అంతమాత్రానికే సీసాలు కడగడం మానేస్తారా ఎవరైనా? పొద్దున భార్య పోశమ్మ ఇస్త్రీ చొక్కా చేతికిచ్చి, "ఇయ్యాలన్న జర బురద ముట్టకు. చొక్క ఖరాబైతది" అని రెండుసార్లు చెప్పింది. అతను ఆ చొక్కా విప్పి మేకుకు తగిలించి, బనీను మీద నీలం కోటు తొడుక్కుని తొమ్మిదింటికే పనిలోకి దిగాడు.

సూరత్‌లోని ఈ యూనివర్సిటీ పర్యావరణ శాస్త్ర విభాగంలో అతని హోదా ల్యాబ్ అటెండెంటు. చేసేది బురద పని. పోటు తగ్గిన వేళ డుమస్ తీరం అవతలి సముద్రపు పాయల్లో దిగి, మీటరు పొడవు ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువుగా బురదలోకి దించి, మట్టితో సహా పైకి లాగాలి. పై మట్టి ఈమధ్యది, అడుగు మట్టి పాతది. ఏ కాలపు మట్టిలో ఎంత జింకు, ఎంత సీసం చేరిందో చదువుకునే పిల్లలు లెక్క కడతారు. గొట్టం బయటికి రాగానే పై కొస మీద నల్ల సిరాతో బాణం గీయాలి. అది గీయకపోతే తరవాత ఏది తలో ఏది తోకో దేవుడికి కూడా తెలియదు. ఇన్నేళ్లుగా ఆ బాణం గీసే చెయ్యి రాజమల్లుదే.

మనిషి పొట్టి. బురదలో నడిచీ నడిచీ కాలివేళ్లు ఎడంగా విచ్చుకుపోయాయి. ఏ చెప్పూ సరిగ్గా పట్టదు. గోళ్ల చివర నల్లగీత ఏ సబ్బుకీ లొంగదు. ఎడమ చెవి వినిపించదు కనుక ఎవరైనా మాట్లాడితే కుడిభుజం ముందుకు పెట్టి వింటాడు. ఆ చెవిని తిన్నది మరమగ్గం. పన్నెండో ఏట సిరిసిల్ల నుంచి అన్న వెంట వచ్చి, లింబాయత్ పేటలో సాంచాల మధ్య, అంటే ఆ మరమగ్గాల మధ్యే, పదమూడేళ్లు నిలబడ్డాడు. పాయల్లో దిగడానికి ధైర్యమున్న మనిషి కావాలని ఇక్కడివాళ్లు వెతుకుతుంటే, "బురదల చప్పుడుండది గద సార్" అని సంతోషంగా వచ్చేశాడు. మొదట పదకొండేళ్లు రోజుకూలీ, ఆ తరవాత పర్మనెంటు.

పదిన్నరకు నీరజ వచ్చింది. ఆల్థాన్‌లో ఉండే బ్యాంకు ఆఫీసరు కూతురు, సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. నాలుగేళ్లుగా ఆ పాయల మట్టి మీదే పరిశోధన చేస్తోంది. రోజూ గలగలమంటూ వచ్చే పిల్ల, ఈ రోజు సంచీ బల్ల మీద పడేసి స్టూలు మీద కూలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఏంది బిడ్డా, గట్లున్నవ్?"

"జరీవాలా సార్ ఫైనల్‌గా చెప్పేశారు కాకా. ఏడో గొట్టం మళ్లీ తియ్యాలంట. వానాకాలం పోయాకే. అంటే ఇంకో సాల్ పోయినట్టే. ఫెలోషిప్ వచ్చే నెలతో బంద్. నాన్నకి ఏం చెప్పాలి?"

సంగతి రాజమల్లుకు కొంత తెలుసు. పాయ పొడవునా ఏడుచోట్ల ఏడు గొట్టాలు తీశారు. ఆరింటిలో కింద మట్టి శుభ్రం, పైకి వచ్చేకొద్దీ జింకు పెరుగుతుంది. ఏడోది మాత్రం పూర్తిగా తిరకాసు. దాన్ని నమ్మితే తాతల కాలంలోనే పాయంతా మురికి, ఇప్పుడు గంగాజలం. పోనీ తీసి పక్కన పెడదామంటే పాయ సముద్రంలో కలిసేచోటి మట్టి అదొక్కటే. అది లేకపోతే థీసిస్‌లో మూడో అధ్యాయమే లేదు.

"తూకం వేసేటప్పుడు మట్టి ప్యాకెట్లు నేనే కలిపేశానంటున్నారు. నేను కలపలేదు కాకా. కానీ అన్నిసార్లు అడిగేసరికి నా మీద నాకే డౌట్ వస్తోంది."

"నువ్వు కలుపవు. నేను సూత్తలేనా? ఒక్కొక్క పొట్లం పసిపిల్లను పట్టినట్టు పడ్తవు. జర చాయ్ తాగు."

చాయ్ తెచ్చిచ్చాడు గానీ అతని మనసూ కుదురుగా లేదు. ఈ పిల్ల కష్టం చూసినవాడు. రాళ్లలాంటి మట్టిపెళ్లలను ఆమెతో కలిసి రోట్లో నూరినవాడు. తను రేపటి నుంచి ఇంట్లో హాయిగా కూర్చుంటాడు, ఆమె మాత్రం మళ్లీ మొదటికి వస్తుంది. ఆ ఆలోచనతో మధ్యాహ్నం రొట్టె సగమే తిన్నాడు.

రెండింటికి ఆఫీసు గుమస్తా రఘుపతి చంకలో తాకా, అంటే కొత్త బట్ట చుట్ట, పెట్టుకుని వచ్చాడు. హాల్లో బల్ల మీద పరచాలట. "నీ ఫంక్షన్‌కు నువ్వే కోసిస్తే బాగుంటది మల్లన్నా. బట్ట సంగతి మాకేం ఎరుక?" అని నవ్వాడు.

రాజమల్లు తాకా అందుకున్నాడు. కోయబోయే ముందు అతని వేళ్లు వాటంతటవే బట్ట పై కొసను పట్టుకుని, మూలను తిప్పి చూశాయి. అక్కడ సిరాతో నేతగాడి నంబరు ఉంది. ఉండేది అక్కడే. మగ్గం మీద మొదట నేసిన బట్ట చుట్టలో లోపలికి పోతుంది. ఆఖరున బయటికొచ్చిన కొస చేతికి అందుతుంది. నంబరు దాని మీదే వేస్తారు. సాంచా నడిపిన ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఆఖరున వచ్చిన కొసకే గుర్తు.

కత్తెర పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

బురదలోంచి గొట్టం లాగితే ముందు వచ్చేది పై కొస. ఆఖరున వచ్చేది అడుగు.

"ఏమైంది మల్లన్నా?" అన్నాడు రఘుపతి.

"ఏం లేదు. నువ్వే కోసుకో" అంటూ కత్తెర అతని చేతిలో పెట్టి, లోపలి గదిలోకి పోయి అలమరాలోంచి ఫీల్డు పుస్తకం తీశాడు. ఆరు గొట్టాలు డిసెంబరులో తీసినవి. ఏడోది జనవరి పంతొమ్మిది. ఆ జనవరిలో బావమరిది ఈశ్వరయ్య చెయ్యి విరగ్గొట్టుకుంటే, సాంచాలు ఆగిపోకూడదని ఎనిమిది రోజులు సెలవు పెట్టి తనే నడిపాడు. ముప్పై నాలుగేళ్ల తరవాత మళ్లీ ఆ చప్పుడు, ఆ తాకాలు, ఆ నంబర్లు. తొమ్మిదో రోజు తెల్లారి నేరుగా పాయకు వచ్చాడు. పోటు తోసుకొస్తోంది, మోకాళ్లదాకా నీళ్లు, డ్రైవరు గట్టు మీంచి అరుస్తున్నాడు. గొట్టం లాగాడు, రెండు మూతలూ బిగించాడు, గుర్తు పెట్టాడు. ఏ కొసకు పెట్టాడో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. ఎనిమిది రోజులుగా చేతికి ఏది అలవాటైందో అదే చేసుంటుంది, ఆఖరున వచ్చిన కొసకే.

రాజమల్లుకు భయం వేసింది. ఉన్నమాటే చెప్పాలి, గట్టిగానే భయం వేసింది. ఇంకో రెండు గంటల్లో జరీవాలా సార్ లేచి, ముప్పై అయిదేళ్లలో ఒక్క పొరపాటు లేని మనిషి అని చెప్పబోతున్నారు. ఆ మాట వినడానికి పోశమ్మ చుట్టాలను వెంటేసుకుని వస్తోంది. నోరు మూసుకుంటే శాలువాతో ఇంటికి పోవచ్చు. ఎవరికీ తెలియదు. నీరజ మాత్రం చెయ్యని తప్పును చేశానేమో అనుకుంటూ ఏడాదంతా మళ్లీ బురదలో దిగుతుంది. అలా అనుకోగానే లేచి నిలబడ్డాడు.

"బిడ్డా, ఏడోది సగం ఫ్రీజర్ల ఉన్నది గద? తీస్తన్న."

"ఎందుకు కాకా?"

"తప్పు నీది కాదు. నాదనుకుంట. నేను గొట్టం ఉల్టా గుర్తువెట్టిన."

ఆమె నమ్మలేనట్టు చూసింది. ప్రతి గొట్టాన్నీ నిలువునా రెండుగా చీల్చి, ఒక సగం లెక్కలకు వాడి, ఇంకో సగం ప్లాస్టిక్ కాగితం చుట్టి ఫ్రీజర్‌లో దాచడం విభాగంలో ఆనవాయితీ. ఆ సగాన్ని బల్ల మీద పెట్టి మంచు కరిగేదాకా ఇద్దరూ ఎదురుచూశారు. ఇద్దరిలో ఎవరూ కూర్చోలేదు. మట్టి మెత్తబడ్డాక అతను కళ్లద్దాలు తుడుచుకుని, వెదురుపుల్లతో బాణం లేని కొసను, అంటే లెక్క ప్రకారం అడుగు అనుకున్న కొసను, పొరలు పొరలుగా గీకాడు.

నాలుగు వేళ్ల లోతు లోపలే పుల్లకు ఏదో చుట్టుకుంది. వేలితో మెల్లగా లాగాడు. మూరెడు పోగు వచ్చింది. నీళ్లలో ముంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి వదిలాడు. మళ్లీ ముడుచుకుంది.

"సూడు. సాగి మల్ల గుంజుకుంటంది. ఇది ఇప్పటి పాలిస్టర్. ఈ రకం నూలు మేము సాంచా నడిపినప్పుడు సూరత్‌ల లేనేలేదు. తాతల కాలం మట్టిలకు ఎట్లొస్తది?"

నీరజ పోగు వంక చూసింది. గబగబా ల్యాప్‌టాప్ తెరిచి, ఏడో గొట్టం అంకెలను కింది నుంచి పైకి తిరగేసింది. తెర మీద ఏడో గీత మిగతా ఆరు గీతల పక్కకు వచ్చి చేరింది. ఆమె రెండు చేతుల్తో ముఖం కప్పుకుని, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో, "కాకా, సబ్ ఠీక్ హో గయా! నేను కలపలేదు! చూశారా, నేను కలపలేదు!" అంది.

జరీవాలా సార్ దగ్గరికి ఇద్దరూ కలిసే పోయారు. రాజమల్లు హిందీలో చెప్పదలచింది సగంలో తడబడితే మిగతాది నీరజ గుజరాతీలో పూర్తి చేసింది. సార్ పోగును చాలాసేపు పరీక్షగా చూశారు. ఫీల్డు పుస్తకంలో తేదీ చూశారు. ఫ్రీజర్ సగాన్ని రేపే మొత్తం మళ్లీ కొలవమని, లెక్క కుదిరితే ఆమె థీసిస్ సెమినార్ తేదీ మార్చక్కరలేదని నీరజకు చెప్పారు. ఆమెను అనవసరంగా అనుమానించినందుకు సారీ కూడా చెప్పారు. రాజమల్లును ఏమీ అనలేదు. బల్ల మీదున్న ఉపన్యాసం కాగితం తీసి ఒక వాక్యం కొట్టేశారు.

నాలుగింటికి ఆయన హాల్లో లేచి, ఈ మనిషి ఇన్నేళ్లలో ఒక్క తప్పు చేశాడు, దాన్ని ఈ రోజు తనే పట్టుకున్నాడు అన్నారు. అంతమంది ముందు తప్పు మాట ఎత్తాలా అని రాజమల్లుకు కొంచెం గుచ్చుకుంది. మూడో వరసలో పోశమ్మ మొగుడి తప్పేమిటో తెలియకపోయినా పక్కనున్న ఈశ్వరయ్యను మోచేత్తో పొడిచి, అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. అది చూశాక అతనికి గుండెల మీంచి ఏదో దిగిపోయినట్టయింది. రెండు సమోసాలూ తిన్నాడు. నీరజ వాటాది కూడా తిన్నాడు.

అయిదున్నరకు నీరజ స్కూటీ తాళంచెవి ఊపుకుంటూ వరండా అంతా వెతికింది. పోశమ్మను ఆటో ఎక్కించి, తాను అతన్ని లింబాయత్‌లోని ఇంటి దాకా దింపుదామని ఆమె ఆశ. వాచ్‌మన్ మాత్రం ఇద్దరూ సిటీ బస్సెక్కి వెళ్లిపోయారని చెప్పాడు. అంతకుముందు ఓ అరగంట కాకా ఒక్కడే ల్యాబ్ తలుపు దగ్గరగా వేసుకుని ఏదో చేసుకుంటున్నాడట.

ఆమె తలుపు తోసి లైటు వేసింది. నీలం కోటు మేకుకు లేదు, సీసాలన్నీ వరసగా బోర్లించి ఉన్నాయి. కిటికీ కింద గోడవారన వానాకాలం తరవాతి ఫీల్డుకు తెప్పించిన పన్నెండు కొత్త గొట్టాలు నిలబెట్టి ఉన్నాయి. ఇంకా ఏ బురదా తగలని ఆ గొట్టాల పై కొసన, ఒక్కోదానికీ బెత్తెడు వెడల్పున ఎర్రరంగు పట్టీ, ఇంకా తడి ఆరలేదు.