లెక్కలో లేని పదకొండు ఇళ్ళు

ముందే ఒప్పుకుంటున్నాను: నెవిల్ ట్రాంటర్ పంతొమ్మిదేళ్ళ పనిని తీసిపారేసింది నేనే. పావుగంట పట్టింది. మధ్యలో సాసేజ్ రోల్ కూడా తిన్నాను.

ఆ శనివారం పొద్దున నెవిల్ రొట్టెముక్కకు వెజిమైట్ రాసుకుని, కంప్యూటర్ తన కోడును పరీక్షించడం ముగించేదాకా నిలబడే తిన్నాడు. చూడకపోయినా చెప్పగలను, అతని శనివారాలన్నీ ఒక్క అచ్చే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. వారమంతా మా హోబార్ట్ నగరం బడుల్లో ఫొటోకాపీ యంత్రాలు బాగుచేస్తాడు. గోళ్ళ సందుల్లో నల్లపొడి ఎంత తోమినా పోదు. మేజోళ్ళ మీద చెప్పులు. చొక్కా జేబులో మూడు స్క్రూడ్రైవర్లు. పెళ్ళికి పిలిచినా వాటితోనే వెళ్తాడు. ఎవరూ పిలవరనుకోండి.

పదింటికి లైబ్రరీ మేడమీది గదికొచ్చి, ఎప్పటిలా తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. మేం అయిదుగురం ఖాళీ వేళల్లో రాసే మెసేజింగ్ యాప్ పేరు కరవాంగ్, ఇక్కడి ఒక నల్ల పక్షి పేరది. అందరికీ ఉచితం, కోడు ఎవరైనా చూడొచ్చు. ఒక్కో చాట్ సర్వీసుకు ఒక్కో ప్రొటోకాల్ ఉంటుంది, అంటే యాప్‌లు మాట్లాడుకునే పద్ధతి. కరవాంగ్‌కు అలాంటివి ఏడు వచ్చు. అన్నిటికంటే పాతది నెవిల్ చూసుకునేది. కొత్త వెర్షన్‌లో ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో ఆ రోజు తేలాలి. జనం ఎలా మాట్లాడుకోవాలో తేల్చేది మేమేనన్న గర్వం ఆ గదిలో టమాటా సాస్ కంటే ఘాటుగా కొడుతోంది.

మా ప్రాజెక్టు పెద్ద బ్రోడీ. ముప్పై రెండేళ్ళు, మీటింగుల్లో బూట్లు విప్పేస్తాడు, గ్రాఫ్ లేనిదే గుడ్ మార్నింగ్ కూడా చెప్పడు. ఏ ప్రొటోకాల్ ఎంతమంది వాడుతున్నారో తెర మీద చూపించాడు. నెవిల్ వరసలో ఏమీ లేదు.

"నెవ్, గురూ, సున్నా. నువ్వు కూడా వాడట్లేదా ఏంటి?"

నెవిల్ బల్లకేసి చూస్తూ చెప్పాడు. దక్షిణపు కొసన ఒక చిన్న రేవు ఉందిట. పదకొండు ఇళ్ళు. కొండ అడ్డమై సెల్ సిగ్నల్ రాదు, తీగ మీద ఇంటర్నెట్ మాత్రం వస్తుంది. కొత్త సర్వీసులన్నీ ముందు ఫోనుకు ఓటీపీ పంపుతాయి, అక్కడికి అది చేరదు. అందుకని వాళ్ళు ఫైరింజన్ షెడ్డులో పాత కంప్యూటర్ను సర్వరుగా పెట్టుకుని, ఇతని ప్రొటోకాల్ మీదే మాట్లాడుకుంటారు: ఎవరి పడవ ఇంకా రాలేదు, అడవిలో పొగ ఎటువైపు లేచింది, ఎవరింట్లో గుడ్లు మిగిలాయి.

"మరి లెక్కలో పదకొండు రావాలిగా?"

"నా భాగంలో లెక్కపెట్టడం ఆపేసి ఉంచాను. వాళ్ళెప్పుడు మాట్లాడుకుంటే మనకెందుకు?"

"భలేవాడివి సామీ. నీ గొయ్యి నువ్వే తవ్వి, పైన గడ్డి కూడా నాటావ్."

అందరం నవ్వాం. బ్రోడీ నావైపు చూశాడని నేను ఇంకాస్త ఎక్కువ నవ్వాను.

ఒక్క ఏడాది ఉంచమన్నాడు నెవిల్. మా దగ్గర ఓట్లుండవు; ఎవరూ కాదనకపోతే అవునన్నట్టే. తన సొంత భాగం గురించి తను కాదంటే చెల్లదు. మిగిలినవాళ్ళలో ఒక్కరు కాదంటే చాలు. ముగ్గురు గ్రాఫ్ చూశారు. నా నోటినిండా సాసేజ్ రోల్ ఉంది.

తీసేసే పని బ్రోడీ నాకే అప్పగించాడు, అక్కడే చేసేశాను. తీసేసినదాన్ని దాని యజమానే సరిచూసి ఒప్పుకోవాలన్నది మా ఇంకో నియమం. మేం తర్వాతి వెర్షన్‌కు ఏ పక్షి బొమ్మ పెట్టాలా అని కొట్టుకుంటుంటే, నెవిల్ నాలుగు వేల లైన్లూ చదివాడు. తనవే అన్నీ.

"టామ్సిన్, ఇక్కడొక లైను వదిలేశావమ్మా. ఇదుంటే మిగతావాళ్ళకి యాప్ తెరుచుకోదు."

తనే సరిచేశాడు. 'ఆమోదం' నొక్కాడు. బాధ్యుల జాబితాలోంచి తన పేరు తీసేశాడు. తన కప్పు కడిగి, మా కప్పులు కూడా కడిగి, బస్సుందని చెప్పి వెళ్ళిపోయాడు. ఎవరూ తలెత్తలేదు. మళ్ళీ రాలేదు.

మంగళవారం మధ్యాహ్నం కొత్త వెర్షన్ విడుదల చేయడానికి వెళ్తే కిటికీ గట్టు మీద లాప్‌టాప్ కనిపించింది. పరీక్షల కోసం ప్రాజెక్టు అతనికిచ్చినది. తనది కాదు కాబట్టి పెట్టేసి వెళ్ళాడు. తెర మీద ఆ రేవువాళ్ళ పదకొండు పేర్లు, పక్కన లైన్‌లో ఉన్నారన్న గుర్తుగా పదకొండు పచ్చ చుక్కలు. విడుదల మీట నొక్కాను. ఎవరి కంప్యూటర్ తనంతట తనే కొత్త వెర్షన్ దించుకుంటే వాళ్ళ చుక్క ఆరిపోతోంది. మూడయ్యేసరికి ఒక్కటే మిగిలింది. దాని కింద ఒక లైను వచ్చింది: "నెవ్, మావాళ్ళెవరూ కనబడట్లేదు. నువ్వున్నావా?"

బ్రోడీకి చూపించాను. లెక్కలో ఒకటనేది పెద్ద అంకేమీ కాదన్నాడు.

మీరూ ఎవరి పనినైనా నవ్వుతూ తీసేసి ఉంటే కింద రాయండి, నేనొక్కదాన్నే కాదని తెలిస్తే చాలు. ఆ లాప్‌టాప్ ఇంకా కిటికీ గట్టు మీదే ఉంది, మూత తీసి, ఛార్జరు తగిలించి ఉంచింది నేనే.