నేలకు దిగని కారు

పొద్దున్నే షెడ్డు తలుపు తీయడం, నోట్లో టీచుక్కైనా పోసుకోకుండా ఏదో ఒక బండి కింద దూరడం అక్కకు అలవాటైపోయింది. అమ్మానాన్నలు పోయాక షెడ్డూ తమ్ముడూ రెండూ ఆమె నెత్తినే పడ్డాయి. ఒళ్లు హూనమవుతోందని ఎవరితోనూ అనలేదు. అంటే మాత్రం ఎవరు చేసిపెడతారు?

తమ్ముడికి రేసుల పిచ్చి. నాన్న నాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారును ట్రాక్ మీద పరిగెత్తేలా చేసిపెట్టమని ప్రాణం తీశాడు.

"బరువు తగ్గించాలక్కా. ఎంత తేలికైతే అంత వేగం."

ఆమె కార్పెట్లు పీకింది. రేడియో, హీటరు, పక్క సీటు తీసేసింది. గట్టి స్ప్రింగులు బిగించింది. కారు బోల్తా కొట్టినా తల పగలకుండా లోపల ఇనప గొట్టాల చట్రం వెల్డింగ్ చేసింది. ఆఖరున స్పేర్ చక్రం దించిన మధ్యాహ్నం కారు జానెడెత్తు గాల్లోకి లేచి అక్కడే నిలబడింది.

పక్కింటావిడ గోడ మీంచి చూసి, "కట్టేసుకోమ్మా, మా బట్టల తీగకు తగిలేను," అంది.

తమ్ముడు ఎక్కి కూర్చున్నా కారు దిగలేదు. ఇసక బస్తాలు వేసినా దిగలేదు. టైర్లు నేలను పట్టుకోకపోతే మలుపు తిరిగేదెలా? రేసు చూస్తే ఎల్లుండే. వాడు మొహం వేలాడేశాడు.

"జరుగు, నేను చూస్తా," అంటూ అక్క సీట్లో కూలబడింది. అంతే, కారు మెల్లగా నేలమీదికి దిగింది. కొత్త స్ప్రింగులు కిర్రుమన్నాయి.

తమ్ముడు వంగి నేలకు ఆనిన టైర్లను చూశాడు. "ఇంత బరువు మోస్తున్నావా అక్కా?"

"ఇప్పుడు తెలిసిందా?" అంది, కోపమేమీ లేకుండానే.

వాడు తన హెల్మెట్ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. "నువ్వే నడుపు."

"నేనా? రిపేరైన బండిని వీధి చివరిదాకా తోలడం తప్ప నాకేం వచ్చురా?"

"ఇదీ అంతే. వీధి కాస్త గుండ్రంగా ఉంటుంది."

రేసు నాడు మొదటి చుట్టులో ఆమె అందరికంటే వెనకబడింది. కానీ మలుపుల్లో కారు నేలకు అతుక్కుపోయింది. తర్వాత్తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో చూడటం మానేసింది. భుజాలు వదులయ్యాయి. ఆఖరి చుట్టుకు చక్రాలు తారును ఒరుసుకుంటున్నాయంతే.

ఎన్నో స్థానమో ఎవరూ అడగలేదు. తమ్ముడు పరిగెత్తుకొచ్చేసరికి ఆమె స్టీరింగ్ మీద తల వాల్చి నిద్రపోతోంది. కారు జానెడెత్తున తేలుతోంది.

వాడు లేపలేదు. బంపర్ పట్టుకుని కారునలాగే ఇంటివైపు నడిపించుకుపోయాడు. పోనుపోను తన అడుగులు బరువెక్కడం వాడికి తెలుస్తూనే ఉంది. అయినా పట్టు వదల్లేదు.