వెనక అద్దం పరదా

దశరథంలో అవలక్షణాలు లేవు. తాగడు, పేకాడడు, అత్తగారింట్లో అలగడు. ఉన్నదల్లా ఒక్కటే: తప్పు తనదైన రోజున ఇంట్లో ఎవరో ఒకరికి దెబ్బలు పడతాయి. దుబాయిలో పద్నాలుగేళ్లు పరాయివాళ్ల కార్లు నడుపుతూ ఎవరి మీదా గొంతెత్తలేదని గొప్పగా చెప్పుకుంటాడు. ఆ ఎత్తని గొంతంతా మూటగట్టి మెట్‌పల్లికి తెచ్చుకున్నాడని అతని భార్య నవీన అభిప్రాయం. డిగ్రీ చదివిన మనిషి కాబట్టి ఆ అభిప్రాయాన్ని పైకి చెప్పదు. కూరలో ఉప్పు వేసేటప్పుడు మాత్రం గుర్తుచేసుకుంటుంది.

వచ్చాక అతను కొన్న పాత పెద్ద కారుకు వెనక అద్దం దగ్గర కరెంటు పరదా ఉంది. గేరు పక్కన మీట నొక్కితే, వెనక సీటు పైనున్న అరుగులోంచి నల్లటి వలలాంటి బట్ట లేచి అద్దానికి అడ్డం నిలబడుతుంది. ఇంటికి ఎవరొచ్చినా దశరథం ముందు పరదా చూపించి, తర్వాతే మంచినీళ్లు ఇప్పించేవాడు. ఏప్రిల్ ఎండల్లో ఒక ఆదివారం పొద్దున ఆ పరదా సగం లేచి, ఎడమపక్కకు ఒరిగి, అక్కడే ఆగిపోయింది.

కబురందుకుని నవీన తమ్ముడు శ్యాంసుందర్ వచ్చాడు. బస్టాండు దగ్గర కార్ల కరెంటు పని అతనిది. వారం కింద ఇదే కారు డిక్కీలో దూరి స్పీకర్లు బిగించింది కూడా అతనే. దశరథానికి ఆ ముక్క ఒక్కటే గుర్తుంది.

శ్యాం ఫ్యూజు తీసి చూశాడు, బాగానే ఉంది. డిక్కీలో తల పెట్టి, మోటారు తీగకు టెస్టు లైటు ఆనించి, "జర మీట నొక్కు బావా" అన్నాడు. లైటు వెలిగింది. మోటారు కాసేపు మూలిగి ఆగిపోయింది.

"కరెంటు వస్తుంది. మోటారు గుడ మంచిగనే ఉన్నది. లోపట ఏదో దీన్ని పట్టుకున్నది బావా."

"పట్టుకున్నది నువ్వే. స్పీకర్లు పెట్టినప్పుడు అసలు మోటారు గుంజుకొని డూప్లికేటు ఇరికిచ్చినవ్."

"ఏం మాటలు గవి? గిసోంటి మోటారు నేనేం జేసుకుంట? మెట్‌పల్లిల గీ పరదా ఉన్న కారు నీదొక్కటేనాయె!"

న్యాయంగా ఈ మాటకు దశరథం పొంగిపోవాలి. పొంగలేదు, చెంప పగలగొట్టాడు. శ్యాం తల డిక్కీ మూతకు కొట్టుకుంది. అతను అక్కలాగా ఉప్పుతో సరిపెట్టుకునే రకం కాదు, రెండు చేతులతో బావను తోశాడు. దశరథం పక్కనున్న స్కూటరు మీద పడ్డాడు, స్కూటరుతో పాటు నేల మీద పడ్డాడు. లేచేటప్పుడు చేతిలో శ్యాం పనిముట్లలోని ఇనప పానా ఉంది.

పానా శ్యాం కనుబొమ్మ మీద పడింది. రక్తం కంట్లోకి, అక్కణ్నుంచి చొక్కా మీదికి కారింది. కన్ను కనపడక తడబడుతుంటే దశరథం అతని కుడిచెయ్యి మెలిపెట్టి, డిక్కీ అంచు మీద అదిమి, వీపు మీద మోకాలు వేసి, ఆ చేతి మీదికి పానా ఎత్తాడు.

"ఏ చేత్తోని తీసినవ్‌రా దొంగ నా కొడకా? గీ చేత్తోనేనా? ఇయ్యాల్టి సంది పని ఎట్ల చేస్తవో చూస్త!"

చుట్టుపక్కల గోడల మీద తలకాయలు మొలిచాయి. "వద్దురా కొడుకా, బామ్మర్ది చెయ్యి ఇరగ్గొడితే ఊరంత నవ్వుతది!" అని గడపలోంచి తల్లి శంకరవ్వ ఏడ్చింది, ఊరు నవ్వకపోతే విరగ్గొట్టవచ్చన్నట్టు.

నవీన పిండిచేతులతోనే ఉరికొచ్చింది. ఆ కుడిచేతి మీదే తమ్ముడి ఇల్లు నడుస్తుంది. సన్నటి తీగలు పట్టుకునే వేళ్లు ఒకసారి నలిగితే మళ్లీ వాటికి పని రాదు. ఆమె తన అరచెయ్యి తీసుకెళ్లి తమ్ముడి చేతి మీద పెట్టింది.

"కొట్టు. ముందు నాదే ఇరుగుతది. మాపటి సంది బువ్వ ఎవలు వండుతరో గది గుడ ఇప్పుడే చూసుకో."

"జరుగే! జరుగుతవా లేదా?"

జరగలేదు. పానా పైకి లేచే ఉంది. అలా వంగి ఉన్నప్పుడు ఆమె కళ్లముందే, డిక్కీ లోపలి వారగా, చీమల బారు కనిపించింది. అది తీరిగ్గా పైకి పాకి, అరుగు అడుగున, పరదా ఒరిగిన ఎడమ మూలలోకి పోతోంది.

"ఏమయ్యా," అంది నవీన, "మోటార్లను చీమలు తింటయా?"

"ఏంది?"

"చూడు. మేడారం నుంచి తెచ్చిన సమ్మక్క బెల్లం ఏడ వెట్టినవ్?"

పానా గాలిలోనే ఆగింది. జాతర నుంచి వచ్చేటప్పుడు బెల్లం ముద్దను సంచిలో పెట్టమంటే, అమ్మవారి ప్రసాదం కాళ్ల దగ్గర ఉండకూడదని, దశరథమే తువ్వాలలో చుట్టి అన్నిటికంటే ఎత్తున, వెనక అరుగు మీద పెట్టాడు. పెట్టి మరచిపోయాడు. నెలన్నరకు చూస్తే జిగురు తువ్వాల మిగిలింది. షుగరున్న తల్లే తినేసిందని రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

అతని పట్టు వదులైంది, పానా కింద పడింది. శ్యాం చెయ్యి లాక్కున్నాడు. రెండు వేళ్లు వాచాయి కానీ వంగుతున్నాయి.

నవీన తమ్ముడి నుదుటికి తువ్వాల కట్టి, వేడినీళ్లు తెచ్చింది. శ్యాం ఒంటికన్నుతో చూస్తూ చెప్పాడు, ఆమె చేసింది. వెనక సీటు ఊడదీసి అరుగు మూత లేపింది. పరదాను ఎత్తే ఎడమ కడ్డీ జారే గాడి నిండా నల్లగా, రాయిలా బెల్లం. ఎండకు కరిగి కారింది, గాడిలో దిగి గట్టిపడింది. గరిటె కాడకు పాత గుడ్డ చుట్టి, వేడినీళ్లలో ముంచి పిండి, రుద్దింది. మూడో గుడ్డ శుభ్రంగా బయటకొచ్చింది. పొడిగుడ్డతో తుడిచి, కీలు మీద ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేసింది. మీట నొక్కితే పరదా నిటారుగా లేచింది.

"ఆఁ, అయిపాయె. లోపటికి పాండ్రి, చాయ్ తాగుదాం" అన్నాడు దశరథం, పరదా వంక ముచ్చటగా చూస్తూ.

శ్యాం నుదుటి తువ్వాల ఎర్రగా తడిసింది. గోడల మీది తలకాయలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. అవి విన్నది దొంగ అన్న మాట. సాయంత్రానికి ఆ మాట బస్టాండు చేరుతుంది. ఇక ఎవరు బండి ఇస్తారు అతనికి? నవీన కిందున్న పానా అందుకుని, కారు వెనకలైటు మీద ఒక్కటేసింది.

"ఏయ్! పిచ్చి లేసిందా?"

"తమ్ముణ్ని దొంగ అన్నది గీడనే. కాదని గుడ గీడనే చెప్పు."

"ఇంట్ల చెప్త."

రెండో లైటు కూడా పగిలింది. దశరథం చెయ్యెత్తి మీదికొచ్చాడు. ఆమె పానాను వెనక అద్దానికి ఆనించింది.

"రా. నువ్వు నన్నందుకునేటాళ్లకు గీ అద్దం ఉండది."

ఎత్తిన చెయ్యి అక్కడే నిలబడింది. శంకరవ్వ ఏడుపు మానేసి, "చెప్పరాదురా, ఆ అద్దం హైదరాబాదుల గుడ దొరకదన్నవ్ గద!" అంది.

"శ్యాం దొంగ కాదు," దశరథం గొణిగాడు.

గొణిగితే చాలదన్నట్టు పానా దెబ్బకు వెనక్కి లేచింది. దిగిపోయిన తలకాయలు మళ్లీ గోడలెక్కాయి.

"శ్యాం ఏం తియ్యలే!" అని అరిచాడు దశరథం. "బెల్లం పెట్టింది నేను! తప్పు నాది! కొట్టింది గుడ... కొట్టింది గుడ తప్పే!"