ముల్లు రెండోసారి ఆగే చోటు

పొద్దున ఏడింటికల్లా తూకాలమ్మ తన యంత్రాన్ని తోసుకుంటూ ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డుకి వచ్చేది. ఆ యంత్రం చక్రాల్లో ఒకటి ఎన్నిసార్లు నూనె పోసినా కీచుమంటూనే ఉండేది. ఆ చప్పుడుకి లేవగలిగినవాళ్లు లేచి కూర్చునేవాళ్లు, లేవలేనివాళ్లు కళ్లు తెరిచేవాళ్లు. ఒక్కొక్కరినీ పలక మీద నిలబెట్టి, బరువు చూసి, మంచానికి వేలాడే కాగితం మీద రాయడం ఆవిడ ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా అదే పని.

బరువు చూడటమంటే అలా చూసి ఇలా వచ్చెయ్యడం కాదు. ముల్లు ముందు ఒకచోట ఆగుతుంది. అది మనిషి బరువు. అక్కడ గుక్క తిప్పుకున్నట్టు కాసేపు నిలబడి, మళ్లీ కదిలి, ఇంకాస్త ముందుకెళ్లి ఆగుతుంది. ఆ పైది, ఆ మనిషి మీద దయ చూపమని ఎక్కడో ఎవరో దేవుణ్ణి వేడుకుంటున్న బరువు. మొదటిది నల్ల సిరాతో, రెండోది ఎర్ర సిరాతో రాయాలి. వెనకటికి కొత్తగా వచ్చిన డాక్టరొకాయన తొందరలో రెండూ కలిపేసి మందు మోతాదు రాసేశాడు. ఆ రోగి ముగ్గురు కొడుకుల తల్లి, ముగ్గురూ మహాభక్తులు. పాపం, ఆవిడ రెండు రోజులు మత్తులోంచి లేవలేదు. ఎర్ర సిరా అప్పటినుంచే వచ్చింది.

ఎర్ర అంకె డాక్టర్లకి అక్కర్లేదు గానీ చూడవచ్చిన బంధువులంతా ముందు దాన్నే చూసేవాళ్లు. బడి పెద్ద పంతులమ్మ కోసం ఆరువందల మంది పిల్లలు రోజూ చేతులు జోడించినా ముల్లు నాలుగువందల గ్రాములు దాటలేదు. పిల్లలు లోపల ఏం కోరుకుంటున్నారో దేవుడికి తెలీదా అని నర్సు నవ్వింది. బట్టలకొట్టు యజమాని భార్య కోసం జీతమిచ్చి పదిమందిని ప్రార్థనకి కూర్చోబెట్టారు. ముల్లు ఉలకలేదు, పలకలేదు. వాళ్లింట్లో వంటచేసే మనిషి ఒకసారి వచ్చి చూసి వెళ్లిందో లేదో, కిలోంపావు కదిలింది.

ఆ ఏడు వానలతోపాటు జ్వరం వచ్చింది. వార్డులో ఇరవై మంచాలూ నిండి, వరండాలో చాపలు పరిచారు. అప్పుడే తూకాలమ్మ ఒక సంగతి కనిపెట్టింది. ముల్లు రెండోసారి కదలనివాళ్లు ఈ జ్వరంలో తమ కాళ్ల మీద ఇంటికి వెళ్లడం లేదు. ఒకరు కాదు, ఇద్దరు కాదు, వరసగా ఆరుగురు. డాక్టరమ్మతో చెబితే కాకతాళీయం అంటుందని ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం పనయ్యాక సామాన్ల గదిలో బకెట్టు బోర్లించుకుని కూర్చుని, ఎవరూ లేనివాళ్ల కోసం తనే వేడుకోవడం మొదలుపెట్టింది.

అందరి పేర్లూ గుర్తుపెట్టుకోవడం ఆవిడ వల్ల అయ్యేది కాదు. మంచాల నంబర్లు మాత్రం నోటికొచ్చు. కాబట్టి ప్రార్థన కూడా నంబర్లతోనే జరిగేది. "దేవుడా, నాలుగో నంబరు మీద దయ చూపు. ఏడో నంబరుకి దగ్గు తగ్గించు. పదకొండో నంబరు ఒంటరి ముసల్ది, బడిలో గంట కొట్టి బతికింది, దాన్ని చల్లగా చూడు." మర్నాడు ఆ మంచాల దగ్గర ముల్లు రెండోసారి కదిలేది. మహా అయితే పావుకిలో. అదే చాలేది. ఆవిడ వేడుకున్న తొమ్మిదిమందిలో ఏడుగురు ఇళ్లకి వెళ్లారు. తూకాలమ్మకి లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఒక సోమవారం తొమ్మిదో నంబరు మంచం మీదకి కుట్టుపనావిడ వచ్చింది.

ఇద్దరిదీ పదకొండేళ్ల పాత కథ. తూకాలమ్మ మొగుడు బస్సు కండక్టరు. కుట్టడానికిచ్చిన బట్టలు తెమ్మని అతన్ని ఆవిడ ఇంటికి పంపింది తూకాలమ్మే. మర్నాడు ఎవరో బట్టలు తెచ్చి గుమ్మంలో పెట్టిపోయారు, చక్కగా ఇస్త్రీ చేసి. మొగుడు మాత్రం రాలేదు. మూడేళ్ల క్రితం అతను గుండెపోటుతో పోతే ఇద్దరూ శవానికి చెరోవైపు నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వెళ్లిపోయారు. పిల్లలు ఇద్దరికీ లేరు.

ఇప్పుడు కుట్టుపనావిడ పలక మీద నిలబడింది. ముల్లు ముప్ఫై ఎనిమిది దగ్గర ఆగింది. తూకాలమ్మ మామూలు కంటే ఎక్కువసేపే చూసింది. ముల్లు కదల్లేదు. తూకాలమ్మకి సంతోషం కలిగింది. ఆ సంతోషానికి వెంటనే సిగ్గు కూడా వేసింది గానీ, ముందు వచ్చింది మాత్రం సంతోషమే.

ఆ మధ్యాహ్నం బకెట్టు మీద కూర్చుని నాలుగు, ఏడు, పదకొండు అంది. తొమ్మిదిని దాటేసింది. మంగళ, బుధవారాలూ అంతే. కుట్టుపనావిడ ముప్ఫై ఏడుకి దిగింది, ఆ తర్వాత ముప్ఫై ఆరున్నరకి. ఎర్ర సిరా గడిలో వరసగా మూడు సున్నాలు.

గురువారం తూకాలమ్మకి సెలవు. ఇంట్లో బియ్యంలో రాళ్లు ఏరుకుంటూనే ఆ రోజు ప్రార్థన కానిచ్చింది. శుక్రవారం పొద్దున యంత్రం తోసుకుంటూ పదకొండో నంబరు దగ్గరికి వెళ్తే అక్కడ గంట ముసలమ్మ లేదు. కుట్టుపనావిడ కూర్చుని ఉంది. పలక ఎక్కించింది. ముల్లు ముప్ఫై ఆరు దగ్గర ఆగి, గుక్క తిప్పుకుని, పావుకిలో ముందుకెళ్లింది.

తూకాలమ్మ నర్సు దగ్గరికి వెళ్లింది. "పదకొండులో ముసలమ్మ ఏదీ?"

"నిన్న పొద్దున్నే ఇంటికి పంపించేశాం. తొమ్మిది మీద కప్పు కారుతోందని ఈవిణ్ణి అందులోకి మార్చాను. ఏం, తప్పా?"

తప్పేముంది! తూకాలమ్మ వెనక్కి తిరిగింది. దారిలో ఎవరో జేబు కొట్టేసినట్టు ఒళ్లు మండిపోయింది. సామాన్ల గది తలుపు వేసుకుని దేవుడితో గట్టిగానే అంది. "నేను నంబరు చెబితే మాత్రం, నువ్వు మనిషిని చూసుకోవద్దూ? ఇంతమందిలో నీకు అదే దొరికిందా?"

దేవుడు ఎప్పట్లాగే ఊరుకున్నాడు. వార్డులో మాత్రం కుట్టుపనావిడ నాలుగు రోజుల తర్వాత మొదటిసారి పాలు తాగింది, నిద్రపోయింది.

ఆ మధ్యాహ్నం నాలుగు, ఏడు సులువుగానే వచ్చాయి. పదకొండు దగ్గర నోరు పడిపోయింది. చివరికి ఒక ఉపాయం పన్నింది. "దేవుడా, పదకొండో నంబరెవరో నాకు తెలీదు. ఎవరైతేనేం, చల్లగా చూడు."

దేవుడి దగ్గర ఆ వేషాలు చెల్లలేదు. శనివారం ముల్లు ముప్ఫై అయిదు దగ్గర ఆగి అక్కడే ఉండిపోయింది. డాక్టరమ్మ కాగితం చూసి, "ఇవాళ గడిస్తే చూద్దాం" అని గొంతు తగ్గించి చెప్పి, పక్క మంచానికి వెళ్లింది.

కుట్టుపనావిడ ఇంకా పలక మీదే, యంత్రం కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది.

"నిన్న కదిలింది కదక్కా?" అంది.

"కదిలింది."

"ఎవరై ఉంటారు? మా అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆయన పోయాక ఇంక..."

వరండాలో ఎవరో దగ్గుతున్నారు.

"ఎవరైతేనేం," అంది కుట్టుపనావిడ. "నిన్న కాళ్లు నేలకి ఆనినట్టనిపించింది. హాయిగా పడుకున్నాను. మీకు ఎవరో తెలిస్తే చెప్పండక్కా, ఒక్కరోజుకే చాలా సంతోషించానని."

అది తెలిసి అన్న మాటో, తెలియక అన్న మాటో తూకాలమ్మకి అర్థం కాలేదు. ఆవిడ పాదాల వంక చూసింది. ఏళ్ల తరబడి మిషను తొక్కి తొక్కి కుడికాలి వేళ్లు ఒకవైపుకి ఒరిగిపోయి ఉన్నాయి. ఆ కాళ్లని చూస్తే కోపం రాలేదు. అలాగని జాలీ కలగలేదు. తన దగ్గర ఈ మనిషికి ఇవ్వడానికి ఏమీ లేదని మాత్రం, ఖాళీ డబ్బాలో చెయ్యి పెట్టి తడుముకున్నట్టు, స్పష్టంగా తెలిసింది.

కలం జేబులో పెట్టుకుని, యంత్రం మీద చెయ్యి వేసి, అక్కడే నిలబడి మొదలుపెట్టింది. కళ్లు మూసుకోలేదు.

"దేవుడా, ఈవిడంటే నాకు పడదు. పదకొండేళ్లుగా పడదు, రేపూ పడకపోవచ్చు. నా ఇల్లు ఖాళీ చేసిన మనిషి. మంచిదని నీకు అబద్ధం చెప్పను. దయ చూపుదామంటే నా దగ్గర గోరంత కూడా లేదు. నీ దగ్గర ఉందంటారు. అదేదో నువ్వే చూపు. ఈవిణ్ణి బతికించు."

ఆ తర్వాత, మొగుడు వెళ్లిపోయిన రోజునుంచీ నోట రానివ్వని ఆ పేరుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చెప్పింది.

ముల్లు కదిలింది. పావుకిలో దాటింది, కిలో దాటింది, రెండు, మూడు. నాలుగు కిలోల మూడువందల దగ్గర ఆగింది. మనసుకి సులువుగా వచ్చిన ప్రార్థనలు తేలిగ్గానే తూగుతాయనీ, పళ్లబిగువున లాగిన దానికే ఇంత బరువుంటుందనీ ఇన్నేళ్ల ఉద్యోగంలో తూకాలమ్మకి ఎవరూ చెప్పలేదు. కుట్టుపనావిడ మోకాళ్లు వంగాయి. పలక మీంచి కాలు ఎత్తలేకపోయింది. నర్సూ కాంపౌండరూ వచ్చి చెరో చెయ్యీ పట్టి మంచం మీదకి చేర్చేసరికి వాళ్లకి ఆయాసం వచ్చింది. ఇనప మంచం మూలిగింది.

"ఇంత బరువా! ఎవరమ్మా ఈవిడకి?" అంది నర్సు రొప్పుతూ.

"అది రాసే గడి లేదు ఇందులో," అంటూ తూకాలమ్మ ఎర్ర కలం తీసి అంకె వేసింది. ఆ తర్వాత సామాన్ల గదిలోకి వెళ్లి, మొగుడు పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది.

ఎటో కొట్టుకుపోవలసిన మనిషి ఆ బరువుకి మంచాన్ని అంటిపెట్టుకుని ఉండిపోయింది. మూడో రోజుకి జ్వరం జారింది. అయిదో రోజుకి రొట్టె అడిగింది. తూకాలమ్మ రోజూ వచ్చి తూచి, నల్లదీ ఎర్రదీ రాసి, పక్క మంచానికి వెళ్లిపోయేది.

ఇంటికి పంపే రోజు ఆఖరి తూకం. నల్ల సిరాలో ముప్ఫై ఏడు. ఎర్ర సిరాలో అదే నాలుగు కిలోల మూడువందలు, గ్రాము తగ్గలేదు. కుట్టుపనావిడ చెప్పులేసుకుని, సంచీ అందుకుని, రెండడుగులు వేసి ఆగింది.

"జ్వరం పోయింది కదక్కా. ఇంక ఈ బరువు కూడా మెల్లగా తగ్గిపోతుందా?"

తూకాలమ్మ కాగితం మడిచి ఆవిడ చేతిలో పెట్టింది.

"తగ్గదు," అంది. "మోసుకెళ్లు."

కుట్టుపనావిడ తల ఊపి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ రెండు కాళ్లతో దిగుతూ వెళ్లింది.