నిద్ర కొలతలు

బుడంకాయ దుప్పటిని తన్నేసే తీరు చూస్తే, ఆ పిల్లకీ దుప్పటికీ పాత కక్షలేవో ఉన్నాయనిపించేది. కప్పడమే ఆలస్యం, ముందు కుడికాలు లేచేది. దాని వెనకే ఎడమకాలు. ఆ తర్వాత రెండూ కలిసి. దుప్పటి ఊచల మంచంలో ఓ మూలకు పోయి ముడుచుకునేది. కాసేపటికి ఒంటికి చలి తగిలి పిల్ల లేచేది. లేచి ఊరుకునే రకం కాదు, పైవాటా వాళ్ళు కూడా లేచేదాకా ఏడ్చేది.

ఇన్నాళ్ళూ దీనికి ఇంట్లో ఒకటే మందు: తల్లి అరచెయ్యి. పిల్ల పడుకున్నంతసేపూ ఆమె మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఊచల మధ్యనుంచి చెయ్యి దూర్చి, దుప్పటి అంచును నొక్కిపట్టి కూర్చునేది. తిండి ఎడంచేత్తో, ఫోను చెవికీ భుజానికీ మధ్య. కానీ ఇంకో వారంలో ఆమె సెలవు అయిపోతుంది, ఆ పై సోమవారం డ్యూటీలో చేరాలి. ఆమె బస్సు డ్రైవరు. బస్సుకి రెండు చేతులూ కావాలి.

క్రెష్‌లో పిల్లల్ని చూసుకునే పెద్దాయమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. "మా దగ్గర మంచంలో విడిగుడ్డ ఉండకూడదమ్మా. దుప్పటి లేదు, తలగడ లేదు. మొహం మీదకి పోతే పూచీ ఎవరిది? అలాగని మీ పిల్ల ఏమీ కప్పకుండా పడుకోదంటున్నారు. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం తీసుకురండి. నిద్రపోయిందా, సరే. లేచి మిగతా వాళ్ళందర్నీ లేపిందా, కొంచెం పెద్దయ్యాక చూద్దాం."

కొంచెం పెద్దయ్యాక అంటే, డిపోలో ఆ సీట్లో మరొకరు కూర్చునుంటారు. పిల్ల తల్లి యూనిఫాం మడతపెట్టి బీరువాలో అట్టడుగున పెట్టేసింది. అమ్మమ్మ అది చూసింది. చూడనట్టు వెళ్ళి చెంబు కడిగింది.

అమ్మమ్మను పనిచేసేచోట అందరూ కత్తెరమ్మ అంటారు. పనివాళ్ళ ఓవరాల్స్ కుట్టే కార్ఖానాలో గుడ్డ కత్తిరించడం ఆమె పని. వెల్డింగు చేసేవాళ్ళు, రంగులు వేసేవాళ్ళు, స్తంభాలెక్కే కరెంటువాళ్ళు, ఎవరొచ్చినా బల్ల ముందు నిటారుగా నిలబెట్టి, "పొట్ట లోపలికి లాక్కోకు, నాకు తెలిసిపోతుంది" అని కసిరి, టేపు తీసేది. ఆమె తీసిన కొలత తప్పిందన్న మాట అక్కడ ఎవరూ విని ఎరగరు. ఆ సంగతి అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

శనివారం సాయంత్రం అన్నం తింటూ తింటూ ఆమె చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"దుప్పటి పిల్లమీద ఉండనంటోంది కదా. పిల్లనే దుప్పట్లో పెడితే?"

"అంటే?" అంది కూతురు.

"తొడిగే దుప్పటే. చేతులు బయట, కాళ్ళు లోపల, ముందు జిప్పు. ఎంత తన్నినా ఎక్కడికి పోతుంది? దాంతోపాటే పోతుంది, దాంతోపాటే వస్తుంది." ఆమె తడివేలితో బల్లమీద బొమ్మ గీసేసింది. కంచంలో పెరుగు నీళ్ళయిపోతున్నా పట్టించుకోలేదు.

తాళాలు బాగుచేసే తాతయ్యకు ఆ ఊచల మంచాన్ని జైలనడం అలవాటు. "ఖైదీకి కొత్త బట్టలన్నమాట," అన్నాడు.

"మీరు ముందు చెయ్యి కడుక్కుని పిల్లని పట్టుకోండి."

అప్పటికప్పుడు బుడంకాయను బల్లెక్కించారు. తాతయ్య చంకల కింద చేతులు వేసి పట్టుకుంటే పిల్ల బొమ్మలా నిటారుగా నిలబడి, టేపు కొస నోట్లో పెట్టుకుని చప్పరించింది. భుజం నుంచి మడమదాకా, నడుము, కాలు పొడవు, అన్నీ కొలిచింది కత్తెరమ్మ. "ఇంత బుద్ధిగా నిలబడే మనిషి మా కార్ఖానాకి ఇంతవరకూ రాలేదు," అని మురిసిపోయింది.

మర్నాటికి ఓవరాల్ తయారు. లోపల మెత్తటి ఫ్లానెల్, పైన పల్చటి బొంతగుడ్డ, రెండు కాళ్ళు, పాదాలు మూసి, మెడదాకా జిప్పు. చూడముచ్చటగా ఉంది.

"ఈ జేబెందుకమ్మా?" అంది కూతురు.

కత్తెరమ్మ నాలిక్కరుచుకుంది. చెయ్యి అలవాటుకొద్దీ కుట్టేసింది. "ఉంటే ఏం పోయింది?"

"స్క్రూడ్రైవరు పెట్టుకుంటుంది," అన్నాడు తాతయ్య. "జైలు బద్దలుకొట్టాలి కదా."

తొడిగారు. పిల్ల పడుకుంది. కూతురు మొదటిసారి ఊచల్లోంచి చెయ్యి బయటికి తీసింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. బుడంకాయ మోకాళ్ళు పైకి లాక్కుంది. గుడ్డ తొడలమధ్య బిగిసింది. మోకాళ్ళు లాగినకొద్దీ వెనక మెడపట్టీ కిందికి దిగింది, ముందు జిప్పు కొస పైకెక్కి గడ్డానికి తగిలింది. అంతే. ఏడుపుకి ఇల్లు ఎగిరిపోయింది.

కత్తెరమ్మ ఓవరాల్ కాళ్ళు విప్పేసి సంచిలా కుట్టింది. అది తిరక్కుండా రెండు పక్కలా రిబ్బన్లు పెట్టి ఊచలకు కడదామనుకుంది. పిల్ల కన్ను మూయకముందే ఓసారి పక్కకి పొర్లింది. రిబ్బను మెలితిరిగి చేతికి అడ్డంపడింది. కూతురు ఒక్కసారిగా లేచింది, కానీ కత్తెర అప్పటికే అమ్మమ్మ చేతిలో ఉంది. రెండు రిబ్బన్లనూ మొదలంటా కత్తిరించి, ఆ ముక్కల్ని చెత్తబుట్టలో కాదు, తన సంచిలో అడుక్కి కుక్కుకుంది, పొరపాటున కూడా మళ్ళీ ఎవరి చేతికీ రాకూడదన్నట్టు. "బుద్ధి గడ్డి తిని కట్టాను," అంది.

రిబ్బన్లు లేని సంచి కూడా పనిచెయ్యలేదు. కాళ్ళు కదలక పిల్ల పట్టుకున్న చేపలా ఎగిరెగిరి పడింది.

మంగళవారానికి కూతురు నీరుగారిపోయింది. "వదిలెయ్యమ్మా. డిపోకి ఫోన్ చేసి రాలేనని చెప్పేస్తాను."

"శుక్రవారందాకా ఆ ఫోన్ ముట్టుకున్నావంటే వేళ్ళు విరుస్తా."

"నీకేం, అలాగే అంటావు. చెయ్యి తిమ్మిరెక్కేది నాకు కదా."

బుధవారం మధ్యాహ్నం కత్తెరమ్మ పని నుంచి తొందరగా వచ్చేసింది. "నువ్వెళ్ళి కాస్త నడుం వాల్చు," అని కూతుర్ని లేపి, తనే కుర్చీలో కూర్చుని, తనే ఊచల్లోంచి చెయ్యి దూర్చింది. చేతికి పనేమీ లేదు, పట్టుకోవడం తప్ప. కుట్టడానికి లేదు, కత్తిరించడానికి లేదు. ఇక చూడటమే మిగిలింది.

చూస్తూ ఉండగా ఆమె వెన్ను నిటారైంది.

పల్చటి దుప్పటి కింద ఉన్నది ఆమె కొలిచిన పిల్ల కాదు. ఆ పిల్ల పొడుగ్గా, సన్నగా, కాళ్ళు చాపి నిలబడింది. ఈ పిల్ల కప్పలా మోకాళ్ళు రెండుపక్కలా పరిచేసి, లొంగిపోయినవాడిలా చేతులు పైకెత్తి, సగం పొట్టిగా, రెండింతలు వెడల్పుగా ఉంది. అంతలో పక్కకి తిరిగింది. ఆకారం మళ్ళీ మారింది.

"పప్పులో కాలేశానే," అని గొణిగింది కత్తెరమ్మ. గొంతులో దిగులు లేదు. నవ్వొస్తోంది. పడుకోవడానికి వేసుకునే బట్టకి, నిలబెట్టి కొలత తీసింది.

మంచం మీద ముదురు నీలం పక్కగుడ్డ పరిచి ఉంది. సంచిలోంచి సుద్దముక్క తీసింది. ఒక చేత్తో దుప్పటి అంచు కొంచెం ఎత్తిపట్టి, రెండో చేత్తో పిల్ల చుట్టూ, ఒంటికి తగలకుండా, చంక కిందినుంచి మోకాలు, మోకాలినుంచి పాదం, అటువైపు మోకాలు, మెల్లగా గీసింది. తల దగ్గరికి మాత్రం సుద్ద పోనివ్వలేదు. అక్కడ కొలత అక్కర్లేదు కూడా. పిల్ల కదిలిందా, సుద్ద ఆగింది. కుదురుకున్నాక మరో గీత. బోర్లాపడి పిరుదులు పైకెత్తింది. మరో గీత. ఇటునుంచి అందకపోతే మంచం చుట్టూ వంగి వంగి తిరుగుతూ గీసింది. ఆ ఆత్రంలో ఆమె నడుంనొప్పి ఎక్కడికి పోయిందో తెలీదు.

తాతయ్య తలుపు దగ్గర నిలబడి చూశాడు. "ఏ దేశం పటమోయ్ అది?"

"మాట్లాడకండి. సరిహద్దులు మారుతున్నాయి."

బుడంకాయ లేచేసరికి నీలం గుడ్డమీద గీతలమీద గీతలు. కత్తెరమ్మ గుడ్డను జాగ్రత్తగా లాగి, నేలమీద పరిచి, అన్నిటికంటే బయటున్న గీతను వేలితో చూపించింది. నిద్ర కళ్ళతో వచ్చిన కూతురు వంగి చూసింది. పైన సన్నం. చంకల కింద నుంచి మెల్లగా విచ్చుకుంటూ, అడుగున ఇంత వెడల్పు.

"గంటలా ఉంది," అంది కూతురు.

"గంటే. నీ కూతురికి నిద్రలో ఇంత జాగా కావాలి. నేనేమో గొట్టం కుట్టాను." ఆమె అప్పటికే కాగితం కోసం వెతుకుతోంది. "జిప్పు కూడా తిరగేస్తా. లాగే కొస అడుగున ఉండాలి. గడ్డానికి తగలదు, పిల్ల చేతికీ అందదు. తడిబట్ట మార్చాలంటే కిందనుంచి తీస్తే చాలు, పైన వెచ్చగానే ఉంటుంది. దానిమీద పట్టీ, వెల్డింగు వాళ్ళకి పెడతానే, ఇనుము ఒంటికి తగలకుండా, అలా. మెడ మాత్రం తల లోపలికి జారనంత ఇరుగ్గా."

"అమ్మా, ఊపిరి పీల్చుకో."

"శుక్రవారం పీల్చుకుంటా."

గురువారం సాయంత్రం పని ముగిశాక కార్ఖానాలో తన బల్లమీదే కత్తిరించి కుట్టింది. ఇంటికి వచ్చేసరికి పిల్ల తల్లి అరచేతికింద పడుకునే ఉంది. లేపి తొడిగి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అంటే మొదటి పరీక్షా, అసలు పరీక్షా ఒకటే.

శుక్రవారం క్రెష్‌లో కర్టెన్లు దించి ఉన్నాయి. ఊచల మంచాలు వరసగా, పాలవాసన, సబ్బువాసన. పెద్దాయమ్మ గంట ఆకారపు బట్టను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. మెడలో వేళ్ళు దూర్చి లాగింది. పట్టీ పైకెత్తి జిప్పు తడిమింది. లోపలి వైపు తిప్పి, ఊడిన దారం ఎక్కడైనా ఉందేమోనని అంచులన్నీ చూసింది. కత్తెరమ్మకు పరీక్ష హాల్లో కూర్చున్నట్టుంది.

"ఈ జేబేంటండీ?"

కూతురు తల్లి వైపు చూసింది. తల్లి కిటికీ వైపు చూసింది.

"చెయ్యి ఊరుకోదండీ," అంది కత్తెరమ్మ.

"ఇందులో ఎవరైనా ఏదైనా వేస్తే నోట్లోకే పోతుంది. మూసెయ్యండి."

సంచిలోంచి సూదీదారం తీసి అక్కడే నిలబడి జేబు మూసేసింది. అంత వంకరగా ఆమె ఎప్పుడూ కుట్టలేదు.

బుడంకాయకు తొడిగి, పడుకోబెట్టి, బయటికొచ్చి అద్దం తలుపు వెనక నిలబడ్డారు. పిల్ల కప్పు వైపు చూసింది. కుడికాలు లేచింది. గంట మొత్తం పైకి లేచి, మళ్ళీ కిందికి దిగింది. ఎడమకాలు. అదీ అంతే. రెండూ కలిపి తన్నింది. పోయింది, తిరిగొచ్చింది. పిల్ల ఆగి, ఇదేం వింతరా అన్నట్టు తన కాళ్ళవైపు చూసుకుంది.

"తికమకపడుతోంది," అని గుసగుసలాడింది కత్తెరమ్మ, ఆనందం పట్టలేక.

అంతలో బుడంకాయ ఊచలు పట్టుకుని లేచి నిలబడింది. గంటలోనే నిలబడి, సరిగ్గా అద్దం వైపే చూసింది. కూతురి వేళ్ళు తల్లి మణికట్టును బిగించాయి. ఇద్దరూ గోడ చాటుకి వంగిపోయారు. ఇప్పుడు ఏడుపు మొదలైతే సోమవారం లేదు, బస్సు లేదు. పక్క మంచంలో ఇంకో పిల్లాడు మూలిగాడు. అయిపోయింది, అనుకుంది కత్తెరమ్మ.

ఏడుపు రాలేదు. ధబ్బుమని చిన్న చప్పుడైంది. మెల్లగా తల పైకెత్తి చూస్తే, పిల్ల కూర్చుని, వాలి, బోర్లాపడి, మోకాళ్ళు కడుపు కిందికి లాక్కుంటోంది. గుడ్డ లాగలేదు, బిగియలేదు. మోకాళ్ళు ఎటు పోతే అటు విచ్చుకుంది. పిరుదులు పైకి లేచాయి. బొటనవేలు నోట్లోకి వెళ్ళింది. వీపు లేచి, దిగి, లేచి, దిగి, నెమ్మదించింది.

చాలాసేపటికి కూతురు తల్లి మణికట్టు వదిలింది. వదిలి, తన కుడి అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంది, దాంతో ఇప్పుడేం చెయ్యాలో తెలియనట్టు. చివరికి కళ్ళు తుడుచుకుంది.

పెద్దాయమ్మ చప్పుడుకాకుండా తలుపు తీసుకుని బయటికొచ్చింది. "సోమవారం పొద్దున్నే తీసుకురండి," అంది. తర్వాత కత్తెరమ్మ వైపు తిరిగి, "నా దగ్గర తన్నేవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. ఇదే కొలతతో కుట్టిపెడతారా?"

"ఈ కొలత పనికిరాదండీ. ఎవరి నిద్ర వాళ్ళది. వాళ్ళు పడుకున్నప్పుడు చెప్పండి, సుద్ద పట్టుకొస్తా."

ఇంటికొచ్చాక బీరువా అడుగునుంచి యూనిఫాం బయటికొచ్చింది. కూతురు చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడింది. కాన్పు తర్వాత ఛాతీ దగ్గర కాస్త బిగుతైంది. కత్తెరమ్మ టేపు అందుకుంది.

"నిటారుగా నిలబడు, పొట్ట లోపలికి..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. కూతుర్ని ఎగాదిగా చూసింది. వంటింట్లోకి వెళ్ళి పెద్ద కంచం ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"కూర్చో."

"ఇదెందుకు?"

"స్టీరింగు. నువ్వు నిలబడి నడుపుతావా బస్సు? ఇన్నేళ్ళూ అందర్నీ సిపాయిల్లా నిలబెట్టి కొలిచాను. కానివ్వు, తిప్పు."

కూతురు కుర్చీలో కూర్చుని, నవ్వు ఆపుకుంటూ, కంచాన్ని కుడివైపు తిప్పింది. వీపు దగ్గర చొక్కా బిగిసింది.

"అదిగో, అక్కడే," అని సుద్దతో గీత గీసింది కత్తెరమ్మ. "ఇప్పుడు ఎడమకి. పెద్ద మలుపు."

తాతయ్య పిల్లను ఎత్తుకుని వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. "మమ్మల్ని వచ్చే స్టాపులో దింపెయ్యమ్మా," అన్నాడు.

"లేవకండి నాన్నా, బస్సు కదుల్తోంది," అంది కూతురు, కంచం తిప్పుతూ.

"బ్రేకు కూడా తొక్కు," అంది కత్తెరమ్మ, మోకాళ్ళమీద కూర్చుని, సుద్దముక్క పళ్ళమధ్య పట్టుకుని టేపు సరిచేసుకుంటూ. "ప్యాంటు ఎక్కడ పట్టేస్తుందో చూడాలి."