పద్నాలుగో అభ్యాసం

శనివారం పదకొండింటికి రైల్వేవాళ్ల లైబ్రరీలో ఇంగ్లీషు క్లాసు. వోల్గా నది మీద మంచు కరిగిందా లేదా, ఎవరింట్లో పైపు పగిలింది, ముందు ఈ సంగతులు తేలాలి. సూష్కీలనే గట్టి బిస్కెట్లు టీలో నానబెట్టుకుని నమలడం అయ్యాక కపితోలీనా అర్ఖిపోవ్నా కళ్లజోడు సర్దుకుని "ఇక చాలు" అనేది. ఆవిడకి ఎనభై ఒకటి. యాభై ఎనిమిదేళ్లుగా మా ఊరికి ఇంగ్లీషు చెబుతోంది. ఊరికి రాలేదు, అది వేరే సంగతి.

పాఠ్యపుస్తకం ఆకుపచ్చ అట్టది, పాతది. రష్యన్ వాక్యాలిచ్చి ఇంగ్లీషులో రాయమంటుంది. ఎవరి పుస్తకంలో వాళ్ల సంగతులే ఉంటాయి. "ఇది బల్ల. ఇది కప్పు. మంగళవారం రిమ్మా గొడుగు పోగొట్టుకుంటుంది" అని ఉందనుకోండి, మా క్లాసులోని రిమ్మా ఆ రోజు పాత గొడుగు తీసుకెళ్లి పోగొట్టుకుని వచ్చేది. రేడియోలో వాతావరణం వార్తలకంటే ఇదే నయమని అందరూ అనుకునేవాళ్లు.

చిక్కల్లా కాపీతోనే. మా వైపు హోంవర్కు చూపించనివాడు మనిషే కాదు. బళ్లో పడిన ఆ అలవాటు జుట్టు నెరిసినా పోదు. కానీ ఈ పుస్తకం విషయంలో ఒకరిది చూసి రాస్తే, వాళ్లకి జరగాల్సింది మనకి జరుగుతుంది. కిందటి చలికాలం రిమ్మా బద్ధకించి జోయా నోటుబుక్కులోంచి దించేసింది. జోయాకి రావలసిన పంటినొప్పి రిమ్మాకొచ్చి దవడ బన్నులా వాచింది. అందుకే కాపీ అంటే టీచరుకి ఒళ్లుమంట. ఎర్రసిరాతో అయిదుకి రెండు మార్కులు వేసేది. అయిదొస్తే మేలు, రెండొస్తే తప్పినట్టు. తన జన్మలో ఒక్క రెండు కూడా రాలేదని నెలకోసారైనా చెప్పుకుని మురిసిపోయేది.

జోయా రేవు క్యాంటీన్లో వంట చేస్తుంది. భర్త లేడు, తొమ్మిదేళ్ల కూతురు ఉల్యానా ఉంది. కాస్త ఇంగ్లీషు వస్తే మే నెల నుంచి విదేశీ యాత్రికుల ఓడలో వంటపని ఇస్తామన్నారు. పిల్లని కూడా వెంట తెచ్చుకోమన్నారు.

ఏప్రిల్లో ఆ శనివారం జోయా లేచి నిలబడి పుస్తకంలోంచి తన పద్నాలుగో అభ్యాసం గబగబా పైకి చదివేసింది.

"ఇది బల్ల. ఇది కప్పు. బుధవారం జోయా టీ తాగదు. జోయా చనిపోయింది. ఉల్యానా ఎక్కడ ఉంది? ఉల్యానా అనాథాశ్రమంలో ఉంది."

చివరిదాకా చదివాక గానీ తను ఏం చదివిందో ఆమెకి తెలియలేదు. మొహం సున్నం కొట్టినట్టయింది. రిమ్మా చేతిలోని సూష్కీ టీలో పడిపోయింది.

"చావలేదు అని రాసెయ్యమ్మా!" అని అరిచాడు రిటైరైన రైలు డ్రైవరు యెరెమేయ్.

"లాభం లేదు" అంది టీచరు. "మా ఆయన పోయినప్పుడు నేను అలాగే రాశాను. ఒక్క తప్పు లేకుండా రాశాను."

"అసలు రాయకపోతే?"

"రాయకపోయినా జరుగుతుంది."

రిమ్మా చెయ్యి చాపింది. "ఒసేయ్ జోయా, రాసి ఆ నోటుబుక్కు ఇటివ్వు. నేను దించేస్తా. నాకెవరున్నారే, ఒక పిల్లి తప్ప!"

"నోర్ముయ్యవే" అని జోయా నోటుబుక్కుని గుండెకి హత్తుకుంది.

టీచరు స్కేలుతో బల్ల మీద ఫెడీమని కొట్టింది. "నా క్లాసులో కాపీ మాటెత్తితే ఊరుకోను! జోయా, అభ్యాసం పూర్తిచేసి దిద్దడానికి నాకివ్వు."

జోయా అక్కడే కూర్చుని రాసింది, ఇచ్చింది. మెట్లు దిగుతూ రిమ్మా, "అది మనిషా, బండరాయా?" అని ఏడ్చింది.

మూడు రోజులు జోయా బతికున్న మనిషిలా లేదు. కాగితాలు ఏ సొరుగులో ఉన్నాయో పిల్లకి చూపించింది. పిల్లని అనాథాశ్రమం వాళ్లకి ఇవ్వనివ్వనని రిమ్మా చేత ఒట్టు వేయించుకుంది. బుధవారం సెలవు పెట్టి, టీ ముందు పెట్టుకుని కూర్చుంది. కప్పు ముట్టుకోవాలంటే భయం.

"అమ్మా, చల్లారిపోతోంది, తాగవా?" అంది ఉల్యానా, బడి నుంచి రాగానే.

నాలుగయింది. ఫోను మోగింది. అవతల రిమ్మా వెక్కుతోంది. "టీచరుగారు... లైబ్రరీలో... కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందే! టీ కూడా ముట్టుకోలేదు!"

జోయాకి బుర్ర పనిచేయలేదు. ఫోను పెట్టేసి ముందున్న టీ గడగడా తాగేసింది. తాగిన తర్వాత ఖాళీ కప్పు చూసి కెవ్వున అరిచింది.

జోయా పరుగున వెళ్లేసరికి లైబ్రరీ బల్ల మీద టీచరు నిండు కప్పు చల్లారి ఉంది. పక్కన జోయా నోటుబుక్కు. రెండు తప్పులు దిద్ది, నాలుగు వేసి, "ఇంకాస్త కష్టపడు, మేలో పరీక్ష" అని రాసి ఉంది. దాని కింద ఇంకో కొత్త నోటుబుక్కు. అట్ట మీద బడిపిల్లలు రాసుకున్నట్టు గుండ్రటి అక్షరాలతో కపితోలీనా అర్ఖిపోవ్నా పేరు.

జోయా తెరిచింది. పద్నాలుగో అభ్యాసం మాటకి మాట దించి ఉంది. తను చేసిన రెండు తప్పులూ దిద్దకుండా అలాగే ఉన్నాయి. అడుగున ఎర్రసిరాతో, "కాపీ. రెండు." కింద సంతకం.

"రెండా!" అంది రిమ్మా నోరు నొక్కుకుని. "ఆవిడకి రెండా!"

జోయా భోరుమంది. ఏడుస్తూనే ఎర్ర పెన్ను తీసుకుని, ఆ రెండు కొట్టేసి అయిదు వేయబోయింది. చెయ్యి ఆగిపోయింది. టీచరు వేసిన మార్కు మార్చే ధైర్యం మా ఊళ్లో ఎవరికీ లేదు.